హాని చేసే కంపెనీ షేర్లు అమ్మేయాలా, ఉంచుకొని ఓటెయ్యాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. ఒక గనుల కంపెనీ షేర్లు మీ దగ్గర కొద్దిగా ఉన్నాయి. ఆ గని చుట్టుపక్కల నీళ్లు పాడవుతున్నాయని చదివారు. అమ్మేస్తే మీ మనసు కుదుటపడుతుంది, కానీ దానివల్ల కంపెనీకి ఏమైనా తగులుతుందా? ఉంచుకొని ఓటేస్తే ఎవరైనా పట్టించుకుంటారా? మిగతా డబ్బు ఇండెక్స్ ఫండ్లలో (మార్కెట్ సూచీలోని కంపెనీలను ఉన్నదున్నట్టు కొనే ఫండ్లు) ఉంది, దాన్ని ఈఎస్‌జీ (పర్యావరణం, సమాజం, కంపెనీ పాలన చూసి కొంటామనే) అని పేరు పెట్టుకున్న ఫండ్‌లోకి మార్చుకుంటే సరిపోతుందా?

ముందు సూటిగా జవాబు. మీరొక్కరు అమ్మితే కంపెనీకి తెలియను కూడా తెలియదు. ఉంచుకొని ఊరికే కూర్చున్నా అంతే. కంపెనీ కదిలేది పెద్ద వాటాదారులు కొందరు కూడబలుక్కొని, ఫలానాది ఫలానా తేదీలోపు కావాలని అడిగి, ఇవ్వకపోతే డైరెక్టర్ల కుర్చీకి ఎసరు పెడతామని నమ్మించినప్పుడు. ఆ పెద్ద వాటాదారుల్లో మీ ఫండ్ హౌస్ ఒకటి. కాబట్టి మీ చేతిలో ఉన్న కొద్ది షేర్ల కన్నా, మీ డబ్బుతో మీ ఫండ్ వేస్తున్న ఓటు చాలా బరువైనది. ముందు దాని సంగతి చూడండి. అమ్మకం, ఫండ్ మార్చడం ఆ తర్వాతి పనులు.

నేనెవరో కూడా చెప్పాలి కదా. ఒక పింఛన్ ఫండ్‌లో ఏజీఎం (వాటాదారుల వార్షిక సమావేశం) తీర్మానాలు చదివి ఏ ఓటు వెయ్యాలో సిఫారసు రాసే పని చాలాకాలం చేశాను. కంపెనీ యాజమాన్యాలతో ముఖాముఖి కూర్చొని మాట్లాడే బృందంలోనూ ఉన్నాను. కింద రాసిన దాంట్లో సగం ఆ బల్ల దగ్గర చూసిందే.

అమ్మకం ఎందుకు పెద్దగా తగలదు

మీరు షేరు అమ్మితే వచ్చే డబ్బు కంపెనీ ఖజానాలోంచి రాదు, కొన్నవాడి ఖాతాలోంచి వస్తుంది. ఆ షేరు మీద కంపెనీకి ముట్టాల్సింది అది జారీ అయిన రోజే ముట్టింది. చాలామంది ఒకేసారి అమ్మితే ధర పడుతుంది, నిజమే. అయితే ఆ పడిన ధర, కంపెనీ ఏం చేసినా ఫర్వాలేదనుకునేవాడికి చవక బేరం. వాడు కొంటాడు, ధర సర్దుకుంటుంది. జొనాథన్ బెర్క్, జూల్స్ వాన్ బిన్స్‌బర్గెన్ అనే ఆర్థికవేత్తలు దీన్ని లెక్కగట్టి చూపించారు. ఇలా అమ్మేవాళ్లు మార్కెట్లో కొద్దిమందే ఉన్నంతకాలం, కంపెనీకి పెట్టుబడి సమకూరే ఖర్చు పెరిగేది చాలా స్వల్పం. యాజమాన్యం నిర్ణయాన్ని మార్చేంత ఉండదు.

ఇది చెప్పగానే దక్షిణాఫ్రికా మాటేమిటని ఎవరో ఒకరు అడుగుతారు. వర్ణవివక్ష రోజుల్లో, ముఖ్యంగా 1980లలో, అమెరికా విశ్వవిద్యాలయాలు, నగరపాలక సంస్థలు, పింఛన్ ఫండ్లు ఆ దేశంతో వ్యాపారం చేసే కంపెనీల షేర్లు వదిలించుకున్నాయి. ఆ ఉద్యమం విలువ తక్కువ చెయ్యను. కానీ ఆ అమ్మకాల వల్ల షేర్ల ధరలు చెప్పుకోదగ్గంతగా పడలేదని 1999లో వచ్చిన తియో, వెల్చ్, వజ్జాన్‌ల అధ్యయనం తేల్చింది. దక్షిణాఫ్రికా ప్రభుత్వానికి ఊపిరాడకుండా చేసింది వేరే దెబ్బ. 1985లో చేజ్ మాన్‌హాటన్ బ్యాంకు తన స్వల్పకాలిక అప్పులను ఇక పొడిగించేది లేదంది. మిగతా బ్యాంకులూ అదే దారి పట్టాయి. కొద్ది వారాల్లోనే విదేశీ అప్పుల చెల్లింపులు ఆపేస్తున్నామని దక్షిణాఫ్రికా ప్రకటించాల్సి వచ్చింది. మరుసటి ఏడాది అధ్యక్షుడు రీగన్ వీటోను తోసిరాజని అమెరికా కాంగ్రెస్ ఆంక్షల చట్టం చేసింది.

నేను దీంట్లోంచి తీసుకున్నది ఒకటుంది. పాత షేరు చేతులు మారడం కంపెనీని బాధించదు, కొత్త డబ్బు పుట్టకపోవడం బాధిస్తుంది. కొత్త బాండ్లు, బ్యాంకు రుణాలు, కొత్త షేర్ల జారీ, ఇక్కడ "మేము ఇవ్వం" అనే మాటకు బలం ఉంది. మీ ఫండ్లలో బాండ్ ఫండ్ ఉంటే, కొత్త బాండ్ల విషయంలో దాని విధానం ఏమిటో అడగండి. ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. జవాబు చెప్పేవాళ్లు ఇంకా తక్కువ.

అలాగని అమ్మకానికి అసలు పనే లేదనను. పెద్దవాడు, కారణం బయటపెట్టి అమ్మితే అది వార్త అవుతుంది. నార్వే ప్రభుత్వ పింఛన్ ఫండ్ చేతిలో ప్రపంచంలోని లిస్టెడ్ షేర్లలో సుమారు 1.5 శాతం ఉంటాయి. దానికి 2004 నుంచి ఒక నైతిక మండలి ఉంది. ఏ కంపెనీని ఎందుకు వదిలేశారో ఆ మండలి నివేదిక అందరూ చదవొచ్చు. 2007లో ఆ ఫండ్ గనుల కంపెనీ వేదాంత రిసోర్సెస్‌ను పర్యావరణానికి, మానవ హక్కులకు హాని చేస్తోందన్న కారణంతో జాబితాలోంచి తీసేసింది. ఒడిశాలోని నియమగిరి కొండల బాక్సైట్ గని వివాదం నేపథ్యంలో 2010లో చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ కూడా ఆ కంపెనీ షేర్లు అమ్మేసింది. ఒక మారుమూల కొండ మీది డోంగ్రియా కొంధు ఆదివాసుల గొడవ లండన్ పత్రికల వ్యాపార పేజీలకు ఎక్కడంలో ఈ అమ్మకాలకు భాగం ఉంది. గనిని ఆపింది మాత్రం అవి కావు. 2013లో సుప్రీంకోర్టు నిర్ణయాన్ని గ్రామసభలకు వదిలింది, 12 గ్రామసభలూ వద్దన్నాయి. వాటాదారుల ఉద్యమాల విజయగాథలు చదివేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి. ఎవరో నేల మీద నిలబడి పోరాడితే, ఆ ఘనత కొంత ఫండ్ల బ్రోషర్లలోకి చేరుతుంటుంది.

ఓటు ఏం చెయ్యగలదు

ఈ పద్ధతికి చరిత్ర ఉంది, అది ఓడిపోయిన ఓట్లతో మొదలైంది. 1968లో అమెరికాలో కొందరు వైద్యులు, ఆరోగ్య కార్యకర్తల సంఘం డౌ కెమికల్ షేర్లు కొద్దిగా చేతిలో పెట్టుకొని, మనుషుల మీద వాడే నాపామ్ (ఒంటికి అంటుకొని మండే బాంబు పదార్థం) అమ్మకూడదని తీర్మానం ఇచ్చింది. ఇది వ్యాపార విషయం, వాటాదారులకు సంబంధం లేదని కంపెనీ తోసిపుచ్చింది. మార్కెట్ నియంత్రణ సంస్థ కంపెనీనే సమర్థించింది. 1970లో వాషింగ్టన్ అప్పీలు కోర్టు మాత్రం వాటాదారుల పక్షాన నిలబడింది. చివరికి ఆ తీర్మానం ఓటుకు వస్తే దక్కింది 3 శాతం లోపే. కానీ కంపెనీ నైతికంగా ఏం చేస్తోందో ఓటింగు పత్రం మీద అడగొచ్చన్న సంగతి స్థిరపడింది.

అదే 1970లో కార్ల కంపెనీ జనరల్ మోటార్స్ (జీఎం) మీద మరో ప్రయత్నం జరిగింది. కొందరు యువ న్యాయవాదులు 12 షేర్లు కొని, బోర్డులో ప్రజల ప్రతినిధులు ఉండాలన్నారు. వాళ్లకూ 3 శాతం లోపే. కానీ ఆ సమావేశం రేపిన దుమారం తర్వాత కంపెనీ ఒక ప్రజావిధాన కమిటీ పెట్టింది, మరుసటి ఏడాది లియోన్ సలివన్ అనే నల్లజాతి పాస్టర్‌ను బోర్డులోకి తీసుకుంది. 1971 ఏజీఎంలో ఎపిస్కోపల్ చర్చి, జీఎం దక్షిణాఫ్రికా నుంచి తప్పుకోవాలని తీర్మానం పెడితే, సలివన్ లేచి తన సొంత బోర్డుకు ఎదురుగా దాన్ని సమర్థిస్తూ మాట్లాడాడు! ఓటులో అదీ ఓడిపోయింది. 1977లో ఆయన పేరుతో వచ్చిన నియమావళిని దక్షిణాఫ్రికాలోని అనేక అమెరికన్ కంపెనీలు ఒప్పుకున్నాయి. పదేళ్లకు, అది చాలడం లేదు, తప్పుకోవాల్సిందేనని ఆయనే అన్నాడు. జీఎం 1986లో అక్కడి వ్యాపారం అమ్మేస్తున్నట్టు ప్రకటించింది.

అందుకే నేను తీర్మానం గెలిచిందా ఓడిందా అని మాత్రమే చూడను. ఎంతమంది స్వతంత్ర వాటాదారులు ఎదురు తిరిగారో చూస్తాను. యాజమాన్యానికి సాధారణంగా 95 శాతం పైన ఓట్లు వచ్చే చోట 25 శాతం వ్యతిరేకత కనిపిస్తే బోర్డుకు ఆ రాత్రి నిద్ర పట్టదు. బ్రిటన్‌లో 20 శాతం, అంతకుమించి వ్యతిరేకత వస్తే కంపెనీ సంజాయిషీ ఇవ్వాలి. కొన్నేళ్లపాటు దాని పేరు అందరూ చూడగల రిజిస్టర్‌లోకి కూడా ఎక్కేది.

ఓటు నేరుగా గెలిచిన సందర్భాల్లో అందరూ చెప్పేది 2021 నాటి అమెరికా చమురు కంపెనీ ఎక్సాన్ మొబిల్ కథ. ఇంజిన్ నంబర్ వన్ అనే చిన్న ఫండ్ చేతిలో ఉన్నది 0.02 శాతం షేర్లు. అయినా 12 మంది బోర్డులో తన అభ్యర్థులు ముగ్గురిని గెలిపించుకుంది. బ్లాక్‌రాక్, వాన్‌గార్డ్, స్టేట్ స్ట్రీట్ లాంటి పెద్ద సంస్థలు ఆ ఫండ్ అభ్యర్థులకు ఓటెయ్యడం వల్లే అది సాధ్యమైంది. వాళ్లు ఎందుకు వేశారంటే, ఇంజిన్ నంబర్ వన్ భూగోళం గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. మీ పెట్టుబడులు ఏళ్ల తరబడి తగిన రాబడి ఇవ్వడం లేదు, చమురు నుంచి వేరే ఇంధనాలకు లోకం మారుతుంటే మీ దగ్గర ప్రణాళిక లేదు, బోర్డులో ఇంధన రంగం తెలిసిన స్వతంత్ర డైరెక్టర్లు లేరు అని లెక్కలతో మాట్లాడింది.

ఇక్కడ కథ ఆపేస్తే బాగుంటుంది గానీ ఆపకూడదు. ఆ ముగ్గురు వచ్చాక కూడా ఎక్సాన్ చమురు కంపెనీయే. 2023లో సుమారు 60 బిలియన్ డాలర్లకు పయనీర్ అనే మరో చమురు కంపెనీని కొంటున్నట్టు ప్రకటించింది. 2024లోనైతే, ఉద్గారాల మీద తీర్మానం పెట్టిన అర్జున క్యాపిటల్, ఫాలో దిస్ అనే వాటాదారుల మీద కోర్టుకే వెళ్లింది. వాళ్లు తీర్మానం వెనక్కి తీసుకున్నా కేసు వదల్లేదు. మళ్లీ అలాంటిది పెట్టబోమని అర్జున హామీ ఇచ్చాకే అది ముగిసింది. పెద్ద ఫండ్ల ఉత్సాహం కూడా 2021 తర్వాత చల్లబడింది. 2024 ఫిబ్రవరిలో జేపీ మోర్గాన్, స్టేట్ స్ట్రీట్‌ల ఆస్తి నిర్వహణ విభాగాలు ఉద్గారాలు తగ్గించమని కంపెనీలను కలిసి అడిగే క్లైమేట్ యాక్షన్ 100 ప్లస్ అనే పెట్టుబడిదారుల కూటమి నుంచి తప్పుకున్నాయి.

నాకు అన్నిటికన్నా నచ్చిన ఉదాహరణ గనులదే

మీ ప్రశ్నకు దగ్గరది కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెబుతాను. 2019 జనవరి 25న బ్రెజిల్‌లోని బ్రుమాడిన్యో దగ్గర వాలే కంపెనీ ఇనుప గని వ్యర్థాలను నిలవబెట్టిన కట్ట తెగింది. 270 మంది చనిపోయారు. వ్యర్థాల చెరువు కిందనే కంపెనీ క్యాంటీన్, ఆఫీసు ఉన్నాయి. మరియానా దగ్గర వాలేకు వాటా ఉన్న మరో కంపెనీ కట్ట తెగి అప్పటికి నాలుగేళ్లయినా కాలేదు.

పెట్టుబడిదారులకు ఆ తర్వాత తెలిసొచ్చిన భయంకరమైన విషయం ఏమిటంటే, ప్రపంచంలో ఇలాంటి టెయిలింగ్ పాండ్లు (గని వ్యర్థాల చెరువులు) ఎన్ని ఉన్నాయో, ఎక్కడున్నాయో, ఏ పద్ధతిలో కట్టారో చెప్పే లెక్క ఎవరి దగ్గరా లేదు. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ పింఛన్ బోర్డు, స్వీడన్ ఏపీ ఫండ్ల నైతిక మండలి కలిసి 700కు పైగా గనుల, ఇంధన కంపెనీలకు ఉత్తరం రాశాయి. ట్రిలియన్ల డాలర్ల ఆస్తులు నిర్వహించే ఫండ్లు వెనక నిలబడ్డాయి. ఉత్తరంలో విలువల ప్రస్తావన తక్కువ. మీ కట్టలన్నిటి జాబితా ఇవ్వండి. ప్రతి కట్ట ఎత్తు ఎంత, ఎంత వ్యర్థం ఉంది, ఏ పద్ధతిలో కట్టారు, స్థిరత్వం మీద ఎప్పుడైనా అనుమానం వచ్చిందా, తెగితే ఎవరికి నష్టం అన్నవి చెప్పండి. 45 రోజుల్లో మీ వెబ్‌సైట్‌లో పెట్టండి. కింద సీఈఓ గానీ ఛైర్మన్ గానీ సంతకం చెయ్యాలి.

ఆ సంతకం షరతు పెట్టినవాళ్లకు దండం పెట్టాలి. నేను చూసినంతలో కంపెనీల పర్యావరణ సమాచారం ప్రచార విభాగం రాస్తుంది, పై అధికారి చదవకుండానే అచ్చవుతుంది. సంతకం తనదైతే ఛైర్మన్ చదువుతాడు. చదివితే కింది ఇంజనీరును పిలిచి అడుగుతాడు. ఆ ఇంజనీరు ఎప్పటినుంచో చెప్పాలనుకుంటున్నది అప్పుడు చెబుతాడు.

2020 ఆగస్టులో ఈ కట్టల నిర్వహణకు ప్రపంచస్థాయి ప్రమాణం వచ్చింది. దాన్ని తీసుకొచ్చింది ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం, గనుల కంపెనీల మండలి, బాధ్యతాయుత పెట్టుబడి సూత్రాల సంస్థ కలిసి. దానితో ప్రమాదాలు ఆగిపోతాయని చెప్పను. కానీ కనీసం ఇప్పుడు మీలాంటి వాటాదారు "మీ కట్టలు ఆ ప్రమాణానికి తగ్గట్టు ఉన్నాయా, లేదా" అని ఒక్క ముక్కలో అడగగలరు.

అదే ఏడాది ఆస్ట్రేలియాలో రియో టింటో ఇనుప ఖనిజం కోసం జూకన్ గోర్జ్‌లో 46,000 ఏళ్ల మానవ ఆనవాళ్లున్న గుహలను పేల్చేసింది. అక్కడి ఆదివాసులు వద్దంటూనే ఉన్నారు. బోర్డు తనకు తానే విచారణ జరుపుకొని అధికారుల బోనస్ కోసి సరిపెట్టబోయింది. ఆస్ట్రేలియా పింఛన్ ఫండ్లు, ఇతర పెద్ద వాటాదారులు ఇది చాలదని బహిరంగంగా అన్నారు. కొద్ది వారాల్లోనే సీఈఓ, మరో ఇద్దరు ఉన్నతాధికారులు తప్పుకుంటున్నట్టు ప్రకటన వచ్చింది. అక్కడ ఓటింగు దాకా కూడా వెళ్లలేదు. వెళ్తే ఏమవుతుందో బోర్డుకు తెలుసు.

అడగడంలో ఉంది పని

మా బృందం ఒక రసాయనాల కంపెనీతో మొదట మాట్లాడినప్పుడు "నీటి విషయంలో మీ నిబద్ధత ఏమిటి" అని రాశాం. నిగనిగలాడే ఒక పుస్తకం వచ్చింది, నిండా చెట్ల బొమ్మలు. తర్వాతి ఉత్తరంలో ఒకే ప్రశ్న అడిగాం: గత ఏడాది మీ వ్యర్థజలాల శుద్ధి ప్లాంటు ఎన్ని రోజులు పనిచెయ్యలేదు, ఆ రోజుల్లో ఉత్పత్తి ఆపారా? చాలాసేపు మౌనం. ఆ తర్వాత ప్లాంటు అధిపతితోనే సమావేశం ఏర్పాటు చేశారు. బ్రోషర్‌తో జవాబు చెప్పలేని ప్రశ్న దొరికేదాకా వెతకాలి.

మరో కంపెనీలో ఇలాగే ప్రమాద మరణాల పట్టిక. సున్నా అని రాసుంది. పక్క పేజీలోని చిన్న అక్షరాలు చదివితే అది పర్మినెంట్ ఉద్యోగుల లెక్క. ప్రమాదకరమైన పనులన్నీ చేసే కాంట్రాక్టు కార్మికులు అందులో లేరు. దీన్ని పట్టుకున్నది మేం కాదు. ఏటా ఏజీఎంకు వచ్చే ఒక చిన్న వాటాదారు, పెద్దావిడ, మైకు తీసుకొని ప్రతిసారీ అదే ప్రశ్న అడిగేది. ఛైర్మన్ నవ్వి దాటేసేవాడు. కానీ ఆ ప్రశ్న సమావేశం రికార్డుల్లోకి ఎక్కింది, దాన్ని చదివి మేం, మమ్మల్ని చూసి ఇంకో రెండు ఫండ్లు, భద్రతా కమిటీ అధ్యక్షుడి పునర్నియామకానికి వ్యతిరేకంగా ఓటేశాం. మరుసటి నివేదికలో కాంట్రాక్టు కార్మికుల గడి విడిగా వచ్చింది. అంకె బాగాలేదు, కానీ కనపడింది.

దీంట్లో ఒక వృత్తి రహస్యం ఉంది. "నివేదిక ఇవ్వండి" అనే తీర్మానం కన్నా, ఆ విషయానికి బాధ్యుడైన డైరెక్టర్ పునర్నియామకానికి "వద్దు" అనే ఓటు ఎక్కువ పనిచేస్తుంది. అమెరికాలో వాటాదారుల తీర్మానాలు చాలావరకు సలహా మాత్రమే, గెలిచినా బోర్డు పాటించనక్కర్లేదు. అదే తన పేరు మీదే వ్యతిరేక ఓట్లు పడితే డైరెక్టర్‌కు పోయేది పరువు. పైగా ఆయన మరో రెండు కంపెనీల బోర్డుల్లో కూడా ఉంటాడు.

చిన్న వాటాదారుగా మీకున్న దారులు

ఇది దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో 2020లో మార్చిన నిబంధన ప్రకారం 2,000 డాలర్ల షేర్లు మూడేళ్లుగా ఉంటే తీర్మానం ఇవ్వొచ్చు, 500 పదాలు దాటకూడదు. బ్రిటన్‌లో 5 శాతం ఓటు హక్కు గానీ, కనీస వాటా ఉన్న 100 మంది వాటాదారులు గానీ కావాలి. భారత కంపెనీల చట్టం ప్రకారం తీర్మానం పెట్టించాలంటే ఓటు హక్కులో పదో వంతు ఉండాలి. అంటే చిన్నవాళ్లకు ఆ తలుపు మూసినట్టే. కానీ ఏజీఎంలో అడగొచ్చు, ఈ-ఓటింగ్‌లో ఓటెయ్యొచ్చు. సంబంధిత పక్షాల లావాదేవీల్లో (కంపెనీకి, దాని సొంతవాళ్లకు మధ్య జరిగేవి) లాభపడే ప్రమోటర్ (కంపెనీని చేతిలో ఉంచుకున్న ప్రధాన యజమాని) ఓటెయ్యడానికి వీల్లేదు కాబట్టి అక్కడ మిగతావాళ్ల మాట చెల్లుతుంది. 2024లో నెస్లే ఇండియా తన మాతృసంస్థకు రాయల్టీని 4.5 శాతం నుంచి 5.25 శాతానికి పెంచబోతే వాటాదారులు ఓడించారు.

ప్రమోటర్ చేతిలో సగం పైన ఓట్లున్న కంపెనీలో, ఫేస్‌బుక్ యజమాని మెటాలాగా ఒక మనిషికే ఎక్కువ ఓట్లిచ్చే షేర్లున్న కంపెనీలో మామూలు తీర్మానం గెలుస్తుందని ఆశ పెట్టుకోకండి. అక్కడ ప్రమోటర్ ఓట్లు తీసేసి మిగతావాళ్లలో ఎంతమంది వ్యతిరేకించారో లెక్కగట్టి ఆ అంకెను బయటపెట్టడమే పని.

ఇప్పుడు ఫండ్ల సంగతి

ఇండెక్స్ ఫండ్‌కు ఆ గనుల కంపెనీ షేర్లు అమ్మేసే వీలు లేదు. సూచీలో ఉన్నంతకాలం ఉంచుకోవాల్సిందే. అందువల్ల దానికున్న ఆయుధం ఓటొక్కటే, అది ఎలా వాడుతోందో తెలుసుకోవడం మీ హక్కు. చాలా దేశాల్లో ఫండ్లు తమ ఓట్లు ప్రకటించాలి. భారత్‌లో 2022 ఏప్రిల్ నుంచి మ్యూచువల్ ఫండ్లు అన్ని తీర్మానాల మీదా తప్పనిసరిగా ఓటెయ్యాలి, కారణంతో సహా వెల్లడించాలి. ఫండ్ వెబ్‌సైట్‌లో ఆ పెద్ద ఫైలు దించుకొని మీ కంపెనీ పేరు వెతకండి. "యాజమాన్యానికి అనుకూలం, చట్టబద్ధంగా ఉంది" అనే ఒకే వాక్యం వందలసార్లు అతికించి ఉంటే అక్కడ ఎవరూ ఏమీ చదవడం లేదని అర్థం.

చూసి, ఫండ్ హౌస్‌కు ఉత్తరం రాయండి. ఒక్క ఉత్తరానికి ఏమవుతుందనుకోకండి. మా దగ్గరకు ఒకే కంపెనీ గురించి వేర్వేరు ఖాతాదారుల ఉత్తరాలు నాలుగు వస్తే ఆ తీర్మానం కమిటీ ముందుకు వెళ్లేది. రాకపోతే, ఏ ఓటు వెయ్యాలో ఫండ్లకు చెప్పే సలహా సంస్థ అన్నట్టు ఓటు పడిపోయేది. మీ ఉత్తరంలో ఇంకో ప్రశ్న చేర్చండి: ఏజీఎం సమయంలో షేర్లు అప్పుకిచ్చారా? ఫండ్లు షేర్లను అప్పుకిచ్చి కొంత సంపాదిస్తాయి. అప్పులో ఉన్న షేరు ఓటు అప్పిచ్చినవాడికి ఉండదు. ముఖ్యమైన ఓటుకు ముందు వాటిని వెనక్కి పిలిపిస్తారా అని అడిగితే, ఆ ఫండ్ ఓటును ఎంత సీరియస్‌గా తీసుకుంటోందో ఒక్క జవాబులో తెలిసిపోతుంది.

ఈఎస్‌జీ ఫండ్లకు మారడం మీద నా అభిప్రాయం కొంచెం కటువుగానే ఉంటుంది. ఈఎస్‌జీ రేటింగుల్లో చాలావాటికి లెక్క, పర్యావరణం వల్ల కంపెనీ లాభాలకు ఎంత ముప్పు అన్నది. కంపెనీ వల్ల పర్యావరణానికి ఎంత ముప్పు అన్నది మీరు అడుగుతున్నది. ఈ రెండూ ఒకటని అమ్మేవాళ్లు చెప్పరు గానీ, కాదని కూడా చెప్పరు. పైగా రేటింగ్ సంస్థలు తమలో తామే ఒప్పుకోవు. ఆరు సంస్థల రేటింగుల్ని పోల్చిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో వాటి మధ్య సగటు పొంతన (పూర్తిగా కలిస్తే 1) 0.54, అదే రుణ రేటింగుల్లో 0.9 పైన ఉంటుంది. 2022లో ఒక ప్రధాన అమెరికన్ ఈఎస్‌జీ సూచీలోంచి టెస్లాను తీసేశారు, ఎక్సాన్ ఉండిపోయింది. 2023లో జర్మనీ ఫండ్ దిగ్గజం డీడబ్ల్యూఎస్ తన ఈఎస్‌జీ పద్ధతి గురించి తప్పుదోవ పట్టించేలా చెప్పినందుకు అమెరికాలో 19 మిలియన్ డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది.

కాబట్టి పేరు చూడకండి. మొదటి పది పెట్టుబడులు చూడండి, ఏం మినహాయించారో చూడండి, ఆ తర్వాత ఓట్ల ఫైలు తెరవండి. నేను పనిచేసిన రోజుల్లో, ముఖపత్రం మీద పచ్చని ఆకు వేసుకున్న ఒక ఫండ్, వాతావరణ తీర్మానాలకు దాదాపు ప్రతిసారీ వ్యతిరేకంగా ఓటేసేది. ఆ పక్కనే ఏ ఆకూ లేని ఒక సాదా పింఛన్ ఫండ్, డైరెక్టర్లను ముప్పుతిప్పలు పెట్టేది.

రాబడి తగ్గుతుందా అని మీరు అడగలేదు గానీ అడుగుతారు. తగ్గొచ్చు. పొగాకు, మద్యం, జూదం షేర్లు మార్కెట్ కన్నా ఎక్కువ రాబడి ఇచ్చాయని హాంగ్, కాస్పెర్చిక్ 2009లో చూపించారు. చాలామంది వాటిని ముట్టుకోరు కాబట్టి చవకగా దొరుకుతాయన్నది వాళ్ల వివరణ. కాలిఫోర్నియా ఉద్యోగుల పింఛన్ ఫండ్ పొగాకు షేర్లు వదులుకోవడం వల్ల సుమారు 3 బిలియన్ డాలర్ల లాభం పోగొట్టుకుందని దాని సలహాదారులే లెక్క తేల్చారు. 2016లో బోర్డు ఆ లెక్క చూసి, అయినా నిషేధం కొనసాగించింది. ఖర్చు తెలిసి చేసిన నిర్ణయం అది. ఖర్చే ఉండదని చెప్పి అమ్మే ఫండ్‌ను మాత్రం నమ్మకండి.

ఇక మీ గనుల కంపెనీకి వద్దాం. నేనైతే ముందు దాని వార్షిక నివేదికలో మూడు చూస్తాను: టెయిలింగ్ పాండ్ల జాబితా ఉందా, నీళ్ల పరీక్షల ఫలితాలు గని గనికీ విడిగా ఇచ్చారా లేక మొత్తం కలిపి సగటు ఇచ్చారా, నియంత్రణ సంస్థల నోటీసులు, జరిమానాలు ఎక్కడ రాశారు. సగటు ఇచ్చారంటే ఏదో ఒక గని దగ్గర అంకె బాగాలేదని నా అనుమానం. ఆ గని ఏదో స్థానిక వార్తల్లో వెతికి, దాని పేరుతోనే ప్రశ్న రాసి ఏజీఎంకు ముందే కంపెనీ కార్యదర్శికి పంపండి. కాపీ మీ ఫండ్ హౌస్‌కు. ఈసారి పర్యావరణ కమిటీకి సంబంధించిన డైరెక్టర్ ఎవరైనా పునర్నియామకానికి వస్తున్నారేమో నోటీసులో చూడండి.

ఇవన్నీ చేశాక కూడా షేర్లు వదిలించుకోవాలనే అనిపిస్తే అమ్మండి, అది మీ డబ్బు. కాకపోతే ఓటు హక్కు నిర్ణయించే రికార్డు తేదీ దాటేదాకా ఆగండి. ఆ రోజు షేరు ఎవరి పేరు మీద ఉంటే ఓటు వాళ్లదే, మర్నాడు అమ్మేసినా సరే.